శ్యామ్ సుందర్ మాస్టారి ఇతర పరిస్థితులు

మా శ్యామ్ సుందర్ మాస్టారు 'ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే' అనకుండా ఒక్క మాట పూర్తిచేస్తే వినాలని అద్దంకి చుట్టుపక్కల మూడు తరాలు చెవులు రిక్కించుకుని కూర్చున్నాయి. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పిన మనిషి. ధర పెరిగితే కొనుగోలు తగ్గుతుంది, ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే. అంతవరకు పాఠం, ఒప్పుకుంటాను. రిటైరయ్యాక కూడా "టిఫిన్ చేశారా సార్?" అంటే "పది నిమిషాల్లో చేస్తానమ్మా, ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే" అంటారు. "మారాయి, పిండి అయిపోయింది" అని ఆయన భార్య శాంతమ్మ గారు వంటింట్లోంచి కేకేస్తారు.

ఆయన పెళ్లి ముచ్చట మా చర్చిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఈమెను బ్రతుకు దినములన్నిటను ప్రేమింతువా?" అని పాస్టరు గారు అడిగితే, పెళ్లికొడుకు బాగా ఆలోచించి, అవునంటూనే ఆ తోక తగిలించారట. పాస్టరు గారు బైబిలు మూసేశారట. శాంతమ్మ గారి నాన్న పందిరి గుంజ పీకడానికి లేచాడట. చివరికి పెళ్లికూతురే "కానివ్వండి, నేను మారనులెండి" అని గండం గట్టెక్కించిందట.

నేనా, పుట్టు పిరికిదాన్ని. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. అలాంటిదాన్ని పోయి పోయి ఆయన క్లాసులో పడ్డాను. ఓసారి ఉండబట్టలేక లేచాను.

"సార్, అసలెప్పుడైనా ఇతర పరిస్థితులు మారకుండా ఉన్నాయా?"

"ఒక్కరోజు కూడా లేవు మహిమా."

"మరి ఈ శాస్త్రం ఎవరికండీ?"

ఆయనకి కోపం రాలేదు సరికదా, మురిసిపోయారు. "ఫిజిక్సు మాస్టారు గది తలుపులేసుకుని ప్రయోగం చేస్తాడు. మన ప్రయోగశాల మిరప కల్లం. దానికి తలుపులేవీ? అందుకని మనసులోనే తలుపులేసుకుని, ఒక్కదాన్ని కదిపి చూస్తాం. తలుపులేశామని ఒప్పుకుని మాట్లాడితే శాస్త్రం, ఒప్పుకోకుండా మాట్లాడితే చిలక జోస్యం" అన్నారు. బాగానే ఉందిగానీ నా భయం మాత్రం తగ్గలేదు.

ఈ మార్చిలో ఆ భయం నెత్తికెక్కింది. రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాం. మా ఆయన ఫిలిప్ కాలు విరిగి మంచాన ఉన్నాడు. కోసిన కాయంతా కల్లంలో ఆరబోశాను, ఇంకా నాలుగు రోజులు ఎండాలి. తడిసిందా, తెల్లబారి తాలుకాయైపోతుంది, అడిగే నాథుడుండడు. ఏడాది కష్టం, పిల్లలిద్దరి చదువు, అంతా ఆ కల్లంలోనే ఉంది. సరిగ్గా అప్పుడే ఫోన్లో పిడుగుల హెచ్చరిక. దాని వెనకే బేరగాడు వీరాంజనేయులు.

"మబ్బు చూశావా అమ్మాయ్? ఇప్పుడైతే చెమ్మ మీదే ఎత్తుకెళ్తా, సగం రేటుకి. తడిశాక నన్ను అడగమాక."

పరుగున మాస్టారింటికెళ్లాను.

"సార్, అమ్మెయ్యనా, ఉంచనా?"

"ఉంచితే మంచి రేటొస్తుందమ్మా, ఇతర పరిస్థి..."

"సార్! మీకు దణ్ణం పెడతా, ఆ తోక కోసేసి చెప్పండి. భయంతో చస్తున్నా!"

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "అలా చెప్పడం నాకు తెలియదమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ల సర్వీసు! ఒళ్లు మండి, మరో మాట లేకుండా వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే వచ్చి కాయ ఎత్తుకెళ్లమని వీరాంజనేయులికి ఫోన్ చేశాను.

ఆ మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్ముకొచ్చింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టార్పాలిన్ పట్టా చంకన పెట్టుకుని ఏడుస్తూ పరిగెత్తాను. రెండెకరాల కాయకి అది ఏ మూలకి?

కల్లంలో కాయ కనబడలేదు. తీరా చూస్తే కాయంతా కుప్పలు చేసి, పైన పట్టాలు కప్పేసి ఉంది. చర్చి స్త్రీల సమాజం మొత్తం పారలు, బుట్టలతో అక్కడే ఉంది. చర్చి షామియానా గుడ్డ దగ్గర్నుంచి మాస్టారి స్కూటరు కవరు దాకా అన్నీ కుప్పల మీదే. అంచులు ఎగరకుండా బరువుకి ఆయన అర్థశాస్త్రం పుస్తకాలు. పుస్తకాలు చాలని చోట మాస్టారే బోర్లా పడుకున్నారు.

"చూస్తావేం? ఇతర పరిస్థితులు మారిపోతున్నాయి, ఆ కొస పట్టుకో!" అని అరిచారు.

"నువ్వొచ్చి వెళ్లాక ఈయన అన్నం ముట్టలేదే" అన్నారు శాంతమ్మ గారు రొప్పుతూ. "ఎవరికేం చెప్పినా ఇంతే. మా పక్కింటి అనీసా కూతురు పరీక్ష పాసవుతుందని చెప్పి, బస్సు రాదేమోనని రోజూ ఈయనే స్కూటరు మీద దింపొచ్చారు. మనందరికంటే ఈయనకే భయం ఎక్కువ."

అంతలో నెత్తిన ఉరిమింది. మాస్టారు కెవ్వుమని తల పట్టా కింద దూర్చేశారు, చేతులు మాత్రం కొస వదల్లేదు. మిరప ఘాటుకి లోపల్నుంచి ఒకటే తుమ్ములు. అంత భయంలోనూ నాకు నవ్వు ఆగలేదు.

గంటసేపు దంచికొట్టింది. కాయకి చుక్క తగల్లేదు. వీరాంజనేయులికి రావద్దని చెప్పేశాను. మాస్టారు నీళ్లోడుతూ స్కూటరెక్కారు. ఆకాశంలో ఇంకా నలుపు పోలేదు, నేను వెళ్లి స్కూటరుకి అడ్డం నిలబడ్డాను.

"సార్, ఇంకా నాలుగు రోజులు ఎండాలి. రేపూ వానొస్తే?"

ఆయన ఒక తుమ్ము తుమ్మి, కిక్కు కొట్టారు.

"వానొచ్చినా వస్తానమ్మా."