దొరసాని గారు పలకొద్దన్న వేసవి

వాన పడే సాయంత్రాల్లో మా తమ్ముడి మనవరాలి బడి వ్యాను వీధి మొదట్లోనే ఆగిపోతుంది. మచిలీపట్నంలో మా వీధి పల్లం. నీళ్ళు నిలిస్తే డ్రైవరు లోపలికి రాడు. గొడుగు పట్టుకుని నేనే వెళ్ళి పిల్లను దింపుకోవాలి. మొన్న అలా వెళ్ళి తలుపు తీసేసరికి లోపలి గాలి ముఖానికి కొట్టింది. మూసేసిన కిటికీలు, ఆవిరి పట్టిన అద్దాలు, తడిబట్టల వాసన, రబ్బరు వాసన, ఎవరి క్యారేజీలోనో మిగిలిపోయిన అన్నం వాసన. పిల్లలు తోసుకుంటూ దిగుతున్నారు. నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అదే వాసనలో నేను ఒక వేసవి అంతా బతికాను. ఇక్కడ కాదు, జర్మనీలో. ఆ వేసవి తర్వాత నేను వేరే మనిషినయ్యాను. అలా చేసినావిడ మా దొరసాని గారు.

ఆవిడ పేరు హెల్గా. ఆ పేరుతో మేమెవరం పిలవలేదు. ఆవిడ తండ్రి కూడా, భర్తలాగే, మత ప్రచారానికి వచ్చిన మిషను దొరే కాబట్టి ఆవిడ పుట్టింది దివిసీమలోనే. చిన్నప్పుడు జర్మనీకి పంపేశారట. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన తర్వాత భర్తతో కలిసి తిరిగి వచ్చి మచిలీపట్నం మిషను బంగళాలో ఉన్నారు. ఆవిడ చేపలమ్మేవాళ్ళతో బేరమాడుతుంటే, ముఖం చూడకుండా విన్నవాళ్ళు నాగాయలంక మనిషే అనుకునేవారు. దొరగారి తెలుగు వేరు. ఆయన పండితుడి దగ్గర నేర్చుకున్నారు. నేను వంటింట్లో అన్నం ముందు కూర్చుంటే, "సువార్తమ్మా, నీవు భుజించుచున్నావా?" అని అడిగేవారు. దొరసాని గారు లోపలి నుంచి, "భుజించటం లేదు, తింటోంది. ప్రసంగం ఆపి స్నానానికి వెళ్ళండి" అనేవారు. ఆయన బుద్ధిగా వెళ్ళిపోయేవారు.

నేను ఆవిడ దగ్గరికి చేరిన వైనం చెప్పాలి. మా ఆయన కలరాతో పోయిన కొద్ది రోజులకే నాకు నొప్పులు వచ్చాయి. బిడ్డ దక్కలేదు. మిషను ఆసుపత్రి వరండాలో చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. లోపల గదిలో దొరసాని గారు ఆడపిల్లను కన్నారు. ఆవిడకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, పాలు పడలేదు. మధ్యాహ్నం ఎవరో గోడ పట్టుకుని నడిచి వస్తున్న చప్పుడైంది. ఆవిడే. నా పేరూ సంగతీ నర్సులు చెప్పినట్టున్నారు, వచ్చి నా పక్కన నేల మీద కూలబడ్డారు.

"నా బిడ్డకి పాలు లేవు సువార్తా. ఇవాళ నిన్నడగటం తప్పని తెలుసు. కాదన్నా ఏమీ అనుకోను" అన్నారు.

నేను లేచి కూర్చుని చేతులు చాచాను. ఆ పిల్ల మార్తా. నా పాలు తాగి బతికింది. మాటలొచ్చాక నన్ను పిన్నీ అనమని దొరసాని గారే నేర్పారు. "ఆయా అంటే పళ్ళు రాలగొడతాను, పిన్నీ అను" అనేవారు కూతురితో. ఆ తల్లి జోల పాడినా, దెబ్బ వేసినా, జడ వేస్తూ కబుర్లు చెప్పినా అంతా తెలుగే. జర్మను భాష దొరగారు భోజనం ముందు చేసే ప్రార్థనలో మాత్రం వినిపించేది. మార్తా బంగళా గేటెక్కి, చేపల గంప ఆవిడ వెళ్ళిన చాలాసేపటి దాకా, "రొయ్యలమ్మో, పచ్చి రొయ్యలు" అని అచ్చు ఆవిడలాగే అరుస్తుండేది. వీధిలో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చి తిట్టుకుంటూ లోపలికి పోయేవారు.

కొన్నేళ్ళకోసారి మిషను వాళ్ళకి స్వదేశం వెళ్ళే సెలవు వస్తుంది. మార్తాకి ఏడో ఏడు నడుస్తుండగా ఆ సెలవు వచ్చింది. పిల్ల నన్ను వదలదని నన్నూ ఓడలో తీసుకెళ్ళారు. అక్కడ చర్చి స్నేహితులెవరో వాళ్ళకి ఒక వ్యాను వాడుకోవడానికి ఇచ్చారు. సీటు విప్పితే మంచం, తలుపు దగ్గర చిన్న స్పిరిట్ స్టవ్వు, కిటికీలకు గళ్ళ తెరలు, పైకప్పు కింద మార్తా కోసం గుడ్డతో కట్టిన పడక. నాకు పక్కనే చిన్న గుడారం. దొరగారు నడిపేవారు. ఊరూరా చర్చిలకు వెళ్ళి, తెల్లటి గుడ్డ మీద సినిమాలా మన కాలవలూ పడవలూ ఆసుపత్రీ బొమ్మలుగా వేసి చూపించేవారు. తర్వాత తెల్లచీర కట్టిన నన్ను నిలబెట్టేవారు. ముసలమ్మలు నా జడ పట్టుకు చూసేవారు. చివర్లో మార్తా బల్ల ఎక్కి, "రొయ్యలమ్మో" అని అరిచేది. అందరూ చప్పట్లు కొట్టేవారు. మన భాషలో దేవుని వాక్యం చెప్పిందనుకునేవారేమో.

నేను ఇంటి నుంచి ఒక డబ్బాలో ఎండు రొయ్యల పొడి తీసుకెళ్ళాను. గుడారాలు వేసుకునే మైదానంలో ఓ రోజు ఆ పొడితో అన్నం కలిపి మార్తాకి పెడుతుంటే, పక్క గుడారం ఆయన ముక్కు పట్టుకుని వచ్చి గట్టిగా ఏదో అన్నాడు. దొరగారు టోపీ తీసి ఎంతో మర్యాదగా జవాబు చెప్పారు. ఆయన జాలిగా నా వైపు చూసి వెళ్ళిపోయాడు. ఏమని చెప్పారని అడిగితే, "అది నీ ఔషధమని వచించితిని" అన్నారు. ఆ రోజు నలుగురం కడుపుబ్బ నవ్వాం. ఆ వ్యానులో మేమంతా కలిసి నవ్వింది అదే ఆఖరు.

తర్వాత వాన పట్టుకుంది. రైను నది ఒడ్డున వ్యాను ఆపుకుని ఉన్నాం. మార్తా ఆ నదిని చూసి, "ఈ కృష్ణకి ఉప్పెన రాదా పిన్నీ?" అని అడుగుతుండేది. మధ్యాహ్నం దొరగారు పిల్లను భుజాన ఎక్కించుకుని రొట్టె కొనడానికి వెళ్ళారు. దొరసాని గారు నన్ను లోపలికి రమ్మని తలుపు వేశారు. తాడు మీద తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. ఆవిడ వాటి వెనక కూర్చున్నారు. ముఖం సరిగ్గా కనిపించలేదు.

"వేసవి అయిపోగానే మార్తా ఇక్కడే ఉండిపోతుంది సువార్తా. హాస్టల్లో. మిషను పిల్లలందరూ అంతే."

"ఎన్నాళ్ళండీ?"

"పెద్దయ్యేదాకా."

"మనతో తీసుకెళ్ళిపోదామండీ. మన బళ్ళో చదువుకుంటుంది."

"చదువుకుని నాలాగా అవుతుంది. అటూ కాదు, ఇటూ కాదు." తాడు మీద జారుతున్న బట్టను పైకి లాగారు. "ఇవాళ్టి నుంచి అది తెలుగులో పిలిస్తే నువ్వు పలకొద్దు. నేనూ పలకను."

"ఏడుస్తుంది కదండీ."

"ఇప్పుడు ఏడిస్తే మనం పక్కనున్నాం. అక్కడ తెలుగులో ఏడిస్తే ఎవరికి తెలుస్తుందే? నన్నూ ఇట్టాగే వదిలారు. నాకెవరూ ముందుగా తెలుగు మరిపించలేదు. దుప్పటి కప్పుకుని నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. దయ్యం పట్టిందని పక్క మంచాల పిల్లలు పారిపోయేవారు. మా అమ్మ ముఖం మర్చిపోయాను. మా ఆయా అన్నానికి పిలిచే కేక మాత్రం పోలేదు. ఎన్నేళ్ళయినా పోలేదు. నా కూతురికి అది వద్దు."

"అంటే నన్ను మర్చిపోవాలంటారు."

"అవును" అన్నారు ఆవిడ. ఆ తర్వాత తడిబట్టల మధ్య నుంచి చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ రోజు కాదనగలిగేదాన్నా అని చాలాసార్లు ఆలోచించాను. ఆవిడ కఠినురాలై ఉంటే కాదనేదాన్నేమో. కానీ ఆవిడ తన కూతురికి తను పడ్డ బాధ తప్పించాలనుకున్నారు. తల్లి అడుగుతుంటే, పాలిచ్చినదాన్ని నేను కాదంటే ఎలా?

మర్నాడు వ్యాను వెళ్తుండగా మార్తా నా ఒళ్ళో కూర్చుని కిటికీ మీద వేలితో గీస్తూ, "అద్దానికి చెమట పట్టింది పిన్నీ" అంది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ అంది. గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "పిన్నీ, అలిగావా?" అంది. నేను పలకలేదు. తల్లి వైపు తిరిగి, "అమ్మా, పిన్ని మాట్లాడట్లేదు చూడు" అంది. దొరసాని గారు జర్మనులో ఏదో అన్నారు. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సాయంత్రానికి, పిన్నికి చెవుడు వచ్చిందని తండ్రితో చెప్పి, నా చెవిలోకి తొంగి చూసి ఊదింది. దొరగారు నవ్వబోయి ఆగిపోయారు. ఆయన ఆ తర్వాత నాతో తెలుగు మాట్లాడలేదు, ఆ పండితుల తెలుగు కూడా.

పిల్లలు త్వరగా నేర్చుకుంటారు. మొదట ఏడ్చింది, కొట్టింది, అన్నం మానేసింది. రొయ్యల పొడి డబ్బాని దొరసాని గారు ఎక్కడో పారేశారు. తర్వాత పిల్ల నాకు సైగలు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక ఉదయం నా దగ్గరికి వచ్చి నీళ్ళు కావాలని జర్మనులో అడిగింది. నాకు నేర్పిన నాలుగు ముక్కల్లో ఒకటి చెప్పి నీళ్ళిచ్చాను. పలికినందుకు నా మెడ కౌగిలించుకుని వదల్లేదు. ఆ ఆనందం చూశాక ఇక ఆ పని ఆగదని నాకు తెలిసింది.

ఆఖరి చర్చిలో బొమ్మలు చూపించాక మార్తాని బల్ల ఎక్కించారు. ఒక ముసలి పాస్టరు గారు ముందుకు వంగి ఇండియా మాట చెప్పమని బతిమాలారు. పిల్ల తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. జనం నవ్వారు, సిగ్గుపడుతోందని.

హాస్టలు కొండ మీద ఉంది. చుట్టూ నల్లటి చెట్లు. మార్తా ఏడవలేదు. గుమ్మం దగ్గర నిలబడి నాకు చెయ్యి ఇచ్చింది, పెద్దవాళ్ళకి ఇచ్చినట్టు. మేం వ్యాను ఎక్కాం. తిరుగు దారంతా పైకప్పు కింద ఖాళీ పడక కొక్కేలు గలగలలాడుతూనే ఉన్నాయి. చాలా దూరం వచ్చాక దొరసాని గారు వెనక్కి తిరక్కుండా, "అన్నం వండవే సువార్తా" అన్నారు తెలుగులో. వ్యాను ఆపించి వండాను. ముగ్గురిలో ఎవరం తినలేదు.

మార్తా పెద్దదయ్యాక ఒక్కసారి మచిలీపట్నం వచ్చింది. పొడుగ్గా, ఎంతో మర్యాదగా ఉంది. నేను రొయ్యలు వండాను. పిల్ల చెంచాతో రెండు ముక్కలు తిని తల్లిని ఏదో అడిగింది. "ఇదేమిటని అడుగుతోంది" అన్నారు దొరసాని గారు నాతో. నేను "మార్తా" అని పిలిచి జుట్టు నిమిరాను. ఆ అమ్మాయి నాకు థాంక్స్ చెప్పి కొంచెం పక్కకి జరిగింది. తల్లీ కూతుళ్ళు వరండాలో ఎదురెదురుగా కూర్చుని, రైల్లో కలిసిన మనుషుల్లా మాట్లాడుకునేవారు. మార్తా వెళ్ళిపోయిన రోజు దొరసాని గారు వంటింట్లోకి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు, అప్పుడెప్పుడో ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు.

"నిన్ను మరిపించాననుకున్నాను సువార్తా. నేను దాన్ని ఎత్తుకున్నదీ తెలుగులోనే, తిట్టిందీ తెలుగులోనే. అదంతా తీసేశాక అమ్మనని చెప్పుకోవడానికి దాని దగ్గర నాదేముంది?"

నేను పొయ్యి మీది గిన్నె దించాను. పలకడం నాకు అప్పటికే రాదు.

కొంతకాలానికి వాళ్ళు ఇండియా వదిలి వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆదివారం చర్చిలో దొరసాని గారు పోయారని చెప్పి ప్రార్థన చేశారు. అప్పటికి నాకు యాభై దాటాయి. ఆ ప్రార్థనలో నాకొక సంగతి తట్టింది. చెమట పట్టిన అద్దం, ఉప్పెన రాని కృష్ణ, ఆ పిల్ల అన్న మాటలన్నీ ఇప్పుడు లోకంలో నా ఒక్కదానికే తెలుసు. అన్న పిల్లకే తెలియవు. ఆ వారమే, చదువురాని నేను, అక్షరాలు దిద్దడానికి మా తమ్ముడి కోడలి ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. అక్షరాలు వచ్చాక ఆ పిల్ల మాటలన్నీ రాశాను. చదివి వినిపించాల్సిన మనిషికి మాత్రం అవి అర్థం కావు.

మా ఇంట్లో అందరూ నాకు చెవుడంటారు. తమ్ముడి కొడుకు డాక్టరుకి కూడా చూపించాడు. చెవులు బాగానే ఉన్నాయని ఆయన చెప్పాడు. ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి నా గొంతు లేవదు, అంతే. మొన్న వ్యాను దగ్గరా అదే జరిగింది. పిల్ల మెట్టు మీద నిలబడి, "నానమ్మా" అంది. నేను ఆవిరి పట్టిన అద్దం వైపు చూస్తూ ఉన్నాను. వానలో తడుస్తూ, "నానమ్మా, వినపడట్లేదా?" అంది. అప్పుడు గొడుగు చాచాను.

వినపడింది. మొదటిసారే వినపడింది.