కళ్లకద్దుకున్న కాలవ నీళ్లు

దోసిలిలోని నీటిని ముందు కళ్లకద్దుకుని, ఆ తరువాతే తాగేది ఆమె. కరువుకు ఊరు విడిచి, ఉత్తరపు జిల్లాల నుంచి మా ఊరి కాలవను పొడిగించే పనికి నిండు చూలాలుగా వచ్చింది. ఎందుకలా అద్దుకుంటావని అడిగితే, "మా వూరి సెరువులో మట్టే మిగిలింది బాబూ" అంది.

నొప్పులు వచ్చిననాడు, పురుడు మైలని ఏ ఇంటివారూ ఆమెను గడప తొక్కనివ్వలేదు. మా పశువులపాకలో ఆడపిల్లను కంది. కనగానే నీళ్లడిగింది.

"పచ్చిబాలింతకి నీళ్లేంటే? మూడోరోజు దాకా గొంతు తడపకూడదు. ఒళ్లు ఉబ్బి చస్తావు" అంది మంత్రసాని.

ఒళ్లు కాలిపోతున్న మనిషికి నీళ్లు మాన్పించడం ఏ వైద్యమని నేను పాక బయటి నుంచి అరిచాను. పాక గుమ్మంలో నిలబడ్డ మా మేనత్త చెంబు వెనక్కి దాచుకుని నవ్వింది.

"నువ్వెన్ని పురుళ్లు పోశావురా నాయనా?"

నేను బావిలో చేద వేసేలోగా ఆ బాలింత పాక్కుంటూ పోయి పాక వెనకాల కాలవలో దిగింది. కళ్లకద్దుకుని కడుపారా తాగింది. ఒళ్లేమీ ఉబ్బలేదు.

దాహంతో అల్లాడుతున్నప్పుడు రాని ఊరివారు, కాలవ మైలపడిందని కర్రలతో వచ్చారు. పారే నీటికి మైలేమిటని అడిగాను.

"మీకేమండీ, చదువుకున్నవారు!" అన్నారు.

పొద్దుగుంకకముందే ఆమెను పొలిమేర దాటించారు. పొలిమేర అవతల ఆమె మళ్లీ కాలవలోకి వంగింది. చంకలో బిడ్డ ఉంది కనుక దోసిలి పట్టలేకపోయింది. ఒంటిచేత్తో నీళ్లు తీసుకుని, ముందు బిడ్డ కళ్లకద్ది, ఆ తరువాతే తాగింది.