సెలూనాయన నెత్తిన టకటక

సెలూన్ నడిపే పెద్దాయనకు కత్తెర కంటే నోరే ఎక్కువ ఆడుతుందని పేరు. అలాంటి మనిషి మనసు కుంగిపోయి ఏడాదిగా నోరు కట్టేసుకున్నాడు. మందులు పనిచేయకపోతే, మెదడుకు అయస్కాంత తరంగాలు పంపే చికిత్సకు రమ్మంది డాక్టరమ్మ. రోజూ పొద్దున్నే చెవుల్లో బిరడాలు పెట్టుకుని ఆసుపత్రి కుర్చీలో కూర్చుంటాడు. నెత్తికి ఆనించిన యంత్రం టకటకా కొడుతుంటే ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది, దవడ అదురుతుంది.

"ఈ వయసులో నర్సమ్మకు కన్నుకొడుతున్నారేంటండీ" అని భార్య ఆటపట్టించినా నవ్వడు. నొప్పిగా ఉందా అని నర్సు అడిగితే లేదన్నట్టు చెయ్యి ఊపుతాడు. ఇంటికెళ్ళి తలనొప్పికి మాత్ర వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు.

కొన్ని వారాలకు ఒకరోజు, యంత్రం మధ్యలో ఆగినప్పుడు, "నొప్పిగానే ఉందమ్మా. వడ్రంగిపిట్ట పొడుస్తున్నట్టుంది" అన్నాడు. నర్సు దాన్ని కాస్త జరిపి జోరు తగ్గించింది. ఇక టకటకల మధ్య దొరికిన ప్రతి ఖాళీలోనూ మాటలే. నర్సు జడ చివర్లు చిట్లాయన్నాడు. గోడమీది ఫోటోలో పెద్ద డాక్టరుకు పాపిడి ఎవరో వంకరగా తీశారన్నాడు.

భార్య డాక్టరు గదిలోకి పరుగెత్తింది. "డాక్టరమ్మా, ఈయన ఆపకుండా మాట్లాడేస్తున్నారు. ఇది కూడా సైడ్ ఎఫెక్టేనా?"

"కాదండీ. ఇబ్బందిగా ఉందా? ఓసారి చూడనా?"

"వద్దమ్మా, మీరేం ముట్టుకోకండి. అలాగే వాగనివ్వండి" అందామె, కళ్ళు తుడుచుకుంటూ.