లావణ్య మోకాలి గురించి నేను చెప్పిన అబద్ధం

ఎనిమిదేళ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. గుడిలో నిలబడి దేవుడికి చెప్పబోయి, అక్కడా మాట మార్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఈ మాట మీ దగ్గర బయటికి వస్తోంది.

నేను కొత్తగూడ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్‌ని. కర్నూలు వైపు నుంచి పెళ్లయి ఇక్కడికొచ్చాను. ఉద్యోగంలో చేరినప్పుడు కోర్టు చుట్టూ బండరాళ్లు, తుప్పలు ఉండేవి. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల ఆఫీసులు. చుట్టూ అంతా మారినా ఆ కోర్టులో నా మాటే చెల్లాలని నాకు ఎంత పట్టుదలగా ఉండేదో, ఆ మాటకు పోటీ వచ్చేదాకా నాకే తెలియలేదు.

పోటీగా వచ్చింది స్వప్న. నా దగ్గరే ఆట నేర్చుకున్న పిల్ల. వాళ్ల నాన్న పాలమూరు నుంచి వచ్చి ఇక్కడి అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ గార్డుగా చేసేవాడు. ఆమెకు మొదటి ఆట బూట్లు నేనే కొనిచ్చాను. డిగ్రీ అయ్యాక అసిస్టెంటుగా తీసుకోమని ప్రిన్సిపాల్‌ను అడిగిందీ నేనే. అప్పుడు ఆమెను చూస్తే గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎప్పుడు కుళ్లుగా మారింది?

ఆ ఏడాది నాకు వెన్ను ఆపరేషన్ అయింది. రెండు నెలలు మంచం మీదే ఉన్నాను. జట్టును స్వప్న చూసుకుంది. తిరిగి వెళ్లిన రోజు గేటు దగ్గరే నాకు పిల్లల నవ్వులు వినిపించాయి. నా ప్రాక్టీసులో ఎవరూ నవ్వేవారు కాదు. దాన్నే నేను క్రమశిక్షణ అనుకునేదాన్ని. ఆటే పాడైపోయి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్నేమో. కానీ నాకు ఆట తెలుసు. బంతి చేతులు మారే తీరు చూశాను. నా చేతి కింద వాళ్లు ఎప్పుడూ అంత బాగా ఆడలేదు.

ఆమె వాళ్లకు ‘స్వప్నక్క’. నేను ‘మేడం’. విరామంలో ఎంతమంది ఆమె వైపు తిరుగుతున్నారో, ఎంతమంది నా వైపు చూస్తున్నారో లెక్కపెట్టుకునేదాన్ని. నలభై నాలుగేళ్ల మనిషిని, సిగ్గులేకుండా లెక్కపెట్టుకునేదాన్ని. అంతర కళాశాలల పోటీలకు జట్టును స్వప్ననే నడపనివ్వండి, మీరు పైనుంచి చూసుకోండి, వచ్చే ఏడాది సంగతి తర్వాత ఆలోచిద్దాం అని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పారు. నేనూ నవ్వుతూనే తలూపాను.

లావణ్య ఆ జట్టుకు ప్రాణం. మూసాపేటలో ఉండే ఒక కారు డ్రైవర్ కూతురు. రాష్ట్ర శిబిరానికి పిలుపు కూడా వచ్చింది. సెమీఫైనల్‌కు మూడు రోజుల ముందు మోకాలు వాచింది. నేనే ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాను. స్కాన్ చూసి చెబుతానన్నాడు. మ్యాచ్ రోజు పొద్దున నా ఫోన్‌కు మెసేజ్ పెట్టాడు. లిగమెంట్ దెబ్బతిన్నది, రెండు వారాలు అసలు ఆడించవద్దు. రెండుసార్లు చదివాను. ఫోన్ సంచిలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం స్టేడియం మెట్ల దగ్గర స్వప్న వచ్చింది. చేతిలో ఆటగాళ్ల జాబితా ఉంది.

“మేడం, లావణ్య రిపోర్ట్ వచ్చిందా? ఫిజియో ఏమన్నడు?”

“ఏం లేదంట. ఉత్త వాపే.”

“ఆడించొచ్చా మరి? నాకు జర భయమైతాంది మేడం. మీరు చెప్తెనే దించుత.”

“దించు.”

ఆమె ముఖం తేటపడింది. జాబితాలో మొదటి పేరుగా లావణ్యను రాసుకుంది.

ఎందుకలా అన్నాను? ఆ పిల్ల కాలు విరగాలని కోరుకున్నానా? లేదు. ఇన్నేళ్లూ ఈ ‘లేదు’నే పట్టుకుని బతికాను. కానీ ఆ ‘లేదు’ వెనక ఏముందో ఇవాళ చెప్పాలి. నొప్పి కాలితో లావణ్య సరిగ్గా పరుగెత్తలేకపోతుందని, జట్టు ఓడుతుందని, స్వప్నకు ఇంకా అనుభవం లేదని అందరూ అనుకుంటారని, కోర్టు మళ్లీ నా చేతికొస్తుందని, మెట్ల మీద నిలబడిన ఆ రెండు క్షణాల్లో ఇదంతా నాకు స్పష్టంగా కనిపించింది. నోరు జారి అన్న మాట కాదది. తెలిసే అన్నాను.

మూడో క్వార్టర్‌లో లావణ్య బంతి కోసం ఎగిరి, కాలు మెలిపడి కింద పడింది. అరవలేదు. మోకాలు పట్టుకుని స్వప్న కోసం చూసింది. లావణ్య లేకుండానే మా జట్టు ఆ మ్యాచ్ గెలిచింది. నేను కోరుకున్న ఓటమి కూడా రాలేదు.

లావణ్య మోకాలికి ఆపరేషన్ అయ్యాక ప్రిన్సిపాల్ గదిలో అందరం కూర్చున్నాం. లావణ్య నాన్న డ్యూటీ యూనిఫాంలోనే వచ్చాడు. “నా బిడ్డ కాలు మంచిగ లేదని మీల ఒక్కరికి గూడ ఎరుక లేదా సార్?” అని అడిగాడు. గొంతు పెంచలేదు. స్వప్న నా వైపు ఒక్కసారి చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. ఆమె లేచి నిలబడి, “చూస్కోవాల్సింది నేను సార్. తప్పు నాదే,” అంది. నా పేరు ఎత్తలేదు. అక్కడితో ఎవరూ ఫిజియోను అడగలేదు. నేను బల్ల మీది గ్లాసును చూస్తూ కూర్చున్నాను. నెల తిరక్కుండా ఆమె ఉద్యోగం పోయింది. కోర్టు నాకు దక్కింది. లావణ్య మళ్లీ ఆడలేదు. ఏదో ఆఫీసులో పనిచేస్తోందని, మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పటికీ రెయిలింగ్ పట్టుకుంటుందని జట్టు పిల్లలెవరో చెప్పారు.

పోయిన నెల తెల్లాపూర్‌లో మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లాను. ఆ గేటెడ్ కమ్యూనిటీ కోర్టులో స్వప్న చిన్నపిల్లలకు ఆట నేర్పుతోంది. నన్ను చూసి పరుగున వచ్చి కాళ్లకు మొక్కింది. పిల్లలను పిలిచి, “నాకు ఆట నేర్పింది ఈ మేడమే,” అని చూపించింది. తర్వాత పక్కకు వచ్చి లావణ్య గురించి అడిగింది. ముఖం చెల్లక ఫోన్ కూడా చేయలేదట. “ఆ రోజు మీకు ఫిజియో సక్కగ చెప్పకపాయె. మీరైనా ఏం జేస్తరు మేడం? ఫికర్ పెట్టుకోకుండ్రి. నేనే ఒకసారి ఆ పిల్ల మోకాలు పట్టి చూడాల్సింది,” అంది.

ఎనిమిదేళ్లుగా నా తప్పును తనదనుకుని మోస్తోంది. పైగా నన్నే ఓదారుస్తోంది. అప్పుడైనా చెప్పాలి కదా? “పోనీలే స్వప్నా,” అన్నాను. ఆ ఓదార్పు కూడా తీసుకున్నాను. అంతకంటే నీచమైన సంగతి ఇంకోటి ఉంది. అక్కడ నిలబడి ఆమె నేర్పిన పిల్లలు బంతి అందిస్తున్న తీరు చూస్తుంటే నాకు మళ్లీ అదే మంట పుట్టింది. ఆమె మంచితనం మీద కూడా అసూయే కలిగింది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలోనూ లేదు. ఆమెకు, లావణ్యకు, ఆ తండ్రికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. వస్తుందని రాస్తే అదీ అబద్ధమే కావచ్చు. ఇప్పటికి ఇంతే చెప్పగలను: స్వప్న నన్ను అడిగింది. నాకు తెలుసు. తెలిసే దించమన్నాను. ఈ మూడు మాటలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రాశాక కాసేపు ఏమీ ఆలోచించకుండా కూర్చోగలిగాను.