సగం దగ్గర ఆపేవాడు

పొట్టంగి కొండల్లో, కరెంటు స్తంభాలు చేరని ఆ ఊళ్ళో కూర్మారావుని ఎవరూ పేరుతో పిలవరు. "ఆర్పేసేవాడు" అంటారు, అంతే. నిజమే మరి. ఊరి సోలారు గదిలో బ్యాటరీల మీటరు సగానికి దిగిందంటే చాలు, పెళ్లయినా పేరంటమైనా హేండిలు లాగి ఊరంతటికీ లైను ఆపేస్తాడు.

ఆయనది సాలూరు వైపు. ఫ్యాక్టరీ టౌన్‌షిప్పులో ఎలక్ట్రీషియనుగా రిటైరై, భార్య పైడితల్లి పుట్టిన ఊరని ఇక్కడికొచ్చాడు. వచ్చేనాటికి ఊరు చీకట్లో ఉంది. మొదట పెట్టిన బ్యాటరీలని జనం అడుగంటా వాడి చంపేశారు. కొత్తవి రావడానికి ఏళ్ళు పట్టింది. సగం దాటి వాడితే ఇవీ చస్తాయని, వాటి బాధ్యత కూర్మారావు నెత్తిన వేసుకున్నాడు.

"ఎద్దు కూలబడీదాకా దున్నిత్తే మరి లెగుస్తాదేటి?" అని అడిగేవాడు కూర్మారావు. అయినా ఊరు తిట్టడం మానేది కాదు.

ఆ తిట్లన్నీ మూటగట్టుకున్నది పైడితల్లి. మీటరు దిగుతోందని తెలియగానే ఇంటింటికీ వెళ్ళి, "మావోడు ఆర్పెత్తాడర్రా, వంటలు కానిచ్చుకోండి" అని చెప్పొచ్చేది. ఆవిడ మంచితనమే లేకపోతే ఊరు ఆయన్ని ఎప్పుడో కొండ దింపేసేది.

కిందటి వానాకాలం పక్కింటి సస్మిత మామగారు పోయాడు. శవం చుట్టూ జనం కూర్చుని ఉండగానే కూర్మారావు లైను ఆపేశాడు. మనిషా, మానా అంది ఊరు. ఆనాటి నుంచి సస్మిత ఆయనతో మాట మానేసింది.

ఈ వానాకాలం పైడితల్లే పోయింది. ముసురు పట్టి ఎండ మొహం చూడని రోజులు. కూతురు ప్రవీణ విజయనగరం నుంచి మర్నాటికి గాని రాలేదు, అందాకా శవం ఇంట్లోనే ఉండాలి. మునిమాపువేళ కూర్మారావు శవం దగ్గరనుంచి లేచాడు.

"ఎక్కడికి బావా?" అన్నాడు పైడితల్లి తమ్ముడు ఆదిశేషు.

"మీటరు సూసొత్తాను."

"ఈ ఒక్క రేతిరికీ వొగ్గీ బావా. ఎవులూ ఏటీ అనరు."

"పక్కింట్లో సావుకి ఆర్పినోడిని, నా ఇంటికైతే వొగ్గుతానేటిరా?"

సోలారు గదికి వెళ్ళేసరికి మీటరు సగానికి వచ్చేసింది. కూర్మారావు గుండె రాయి చేసుకుని హేండిలు పట్టుకున్నాడు. లైను ఆపేస్తే ఆవిడ తలదగ్గర నూనె దీపం ఒక్కటే మిగులుతుంది. ఈ ఈదురుగాలికి అదీ నిలిచేట్టు లేదు. చెయ్యి కదలనంది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి మొరాయించడం అదే మొదలు. "సెమించీయే" అని పైకే అన్నాడు పెళ్ళాంతో.

అంతలో, ఊరి వాడకం చూపించే ముల్లు జారడం మొదలెట్టింది. కొంచెం, ఇంకొంచెం, చివరికి సున్నా అంచుదాకా. తీగ తెగిపోయిందనుకుని గాభరాగా బయటికి పరుగెత్తాడు.

వీధి వీధంతా చీకటి. తన ఇంట్లో మాత్రం బల్బు వెలుగుతోంది. గుమ్మం ముందు సస్మిత నిలబడి ఉంది.

"తీగ తెగిపోనాదేటి?" అని అరిచాడు.

"నేదు మావా. అందరం ఎవులింట్లో ఆల్లం ఆర్పీసినాం." లోపలి బల్బుకేసి చెయ్యి చూపి అంది: "అత్త కాడున్న ఒక్క బల్బుకీ బేటరీ సావదు గదా?"

"సావదమ్మీ," అన్నాడు కూర్మారావు. అన్నేళ్ళ తిట్లకి చలించని మనిషి, ఆ బురదలోనే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.