బాపు చెవి మిషన్

సాంచాల మోతలో ముప్పై ఏళ్లు నిలబడ్డ మా బాపుకు చెవులు పోయాయి గానీ కళ్లు పోలేదు. సాంచాలంటే మా భివండీలో మరమగ్గాలు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి కార్ఖానాలో అందరూ పెదవులు చూసి మాట పట్టేస్తారు. అందుకే బాపుకు తెలియకూడని సంగతి ఉంటే మా ఇంట్లో గొంతు తగ్గించం, మొహం అటు తిప్పుకుంటాం. చిన్నప్పటి నుంచి మాకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే.

ఈమధ్య బాపుకు చెవి మిషన్ కొన్నాను. దాన్ని నా ఫోన్‌కు కలిపితే, ఫోన్ దగ్గరి మాటలు తీగ లేకుండా నేరుగా ఆయన చెవిలోకి వెళ్తాయి. ఓ పొద్దున ఫోన్‌ను టీవీ ముందు పెట్టి వార్తలు వినిపించాను. పొంగిపోయాడు. మన మాటలు ఎవరు చాటుగా వింటారోనని వైఫై పాస్‌వర్డ్ నెలకోసారి మార్చే మనిషిని నేను. అంత తెలివి నాది!

ఆ మధ్యాహ్నమే ఫోన్ చేతిలో పట్టుకుని, తమ్ముడితో ఇంటి ముందు గ్యాలరీలోకి వెళ్లాను. టెంఘర్ పేటలోని మా సొంత సాంచాలు ఆగిపోయి చాలా రోజులైంది. భంగార్‌వాడు వచ్చి, విరగ్గొట్టి పాత ఇనుము కింద తీసుకుపోతానన్నాడు. బాపు తన చేతులతో బిగించిన సాంచాలవి. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు. ఎవరో సేటు కొని నడిపిస్తాడని చెబుదామనుకున్నాం. అనుకుంటూనే తమ్ముడు ఏడ్చేశాడు. మిషన్ ఉన్నా గ్యాలరీలో మాట లోపలి మంచం దాకా అందదు. పైగా మొహాలు రోడ్డు వైపు పెట్టుకున్నాం, ఇంకేం భయం అనుకున్నాను.

లోపలికొచ్చి, పెదవులు స్పష్టంగా కదుపుతూ ఆ అబద్ధం చెప్పాను.

"గట్లనా? మంచిగైంది. నడిపేటోడు దొరికిండు," అన్నాడు బాపు.

తమ్ముడు మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాడు. టైం చూద్దామని ఫోన్ తెరిస్తే, చెవి మిషన్‌కు మాటలు పంపుతున్న గుర్తు ఇంకా వెలుగుతోంది. టీవీ అయ్యాక ఆపడం మరిచాను.

"బాపూ, మేం గ్యాలరీల మాట్లాడింది..."

"అంత ఇన్న. చిన్నోడు ఏడ్సిండు గద. నాకు ఎర్కైనట్టు వానికి చెప్పకు."

ఫోన్‌లో ఆ గుర్తును ఆపేశాను, ఇప్పుడు ఆపి ఏం లాభమో.

తమ్ముడు గ్లాసుతో రాగానే బాపు వాడి వైపు తిరిగాడు.

"అరేయ్, ఆ కొత్త సేటుకు చెప్పు. మూడో సాంచకు ఎండకాలం బెల్టు వదులైతది. జర చూస్కోమను."

"చెప్త బాపూ," అన్నాడు తమ్ముడు.