ముందు కార్డు, తర్వాత పని

మా మామయ్యకు ఒకటే జబ్బు. ఫలానా పని నాకొచ్చని ఎవరైనా నోరు జారితే చాలు, మర్నాటికల్లా వాళ్ల పేరు మీద రెండొందల విజిటింగ్ కార్డులు అచ్చేసి చేతిలో పెట్టేవాడు. నిజంగా వచ్చా, చేస్తారా అన్న విచారణ లేదు. ముందు కార్డు, తర్వాత పని. సొంతంగా చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండటం వల్ల ఈ జబ్బుకు మందు లేకుండా పోయింది.

ఆయన పక్కింట్లో ఒక రిటైరైన గుమాస్తా ఉండేవారు. ఒకరోజు తన ఇంట్లో కారుతున్న కుళాయిని తనే బాగుచేసుకున్నారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది, గోడ మీదుగా మామయ్యతో చెప్పుకున్నారు. సాయంత్రానికి ఆయన ‘కుళాయిల వైద్యులు’ అయిపోయారు. పరువు పోతుందని మర్నాడు పానా కొనుక్కున్నారు. మా తమ్ముడు తీసిన ఫోటోలో అత్తయ్య కాస్త సన్నగా పడింది. అంతే, వాడు ఫోటోగ్రాఫరు. కార్డు వచ్చిన మూడు నెలలకు కెమెరా కొన్నాడు.

పన్ను పీకించుకోవడానికి వెళ్లి కూడా మామయ్య ఊరుకోలేదు. నోటినిండా దూది ఉంది. డాక్టరు గారు మాటవరసకు "మా ఆవిడ బొమ్మలు బాగా వేస్తుందండీ" అన్నారు. మామయ్య జేబులోంచి కాగితం తీసి రాసిచ్చాడు: ‘ఆవిడ పేరు? కార్డు మందంగానా, మామూలుగానా?’

నేను ఫోన్లకు యాప్‌లు తయారుచేసే కంపెనీలో పని చేస్తాను. కాబట్టి ఈయన్ని బాగుచేసే బాధ్యత నాదేననుకునేవాణ్ణి.

"మామయ్యా, ఈ రోజుల్లో కార్డులెవరు చూస్తారు? ఫోన్‌తో ఒక్క స్కాన్ కొడితే వివరాలన్నీ వచ్చేస్తాయి."

"వస్తాయి. పోతాయి కూడా. ఫోన్లో ఉన్నది తీసెయ్యడానికి ఒక్క వేలు చాలు. అదే కార్డు పారెయ్యాలంటే లేచి చెత్తబుట్ట దాకా నడవాలి. మన జనం అంత కష్టపడరు అల్లుడూ. ఆ బద్ధకం మీదే నా ప్రెస్సు నడుస్తోంది."

నేను ఫోన్ తీసి జేబులో పెట్టేసుకున్నాను.

ఇలా ఉండగా మా అక్క పనిచేసే బట్టల కుట్టుబడి షాపు మూతపడింది. అక్కకు కుట్టడం కన్నా కుట్టుమిషన్లు బాగుచెయ్యడం బాగా వచ్చు. మిషన్ చప్పుడు విని రోగం చెప్పేస్తుంది. ఇక ఆ పని మీదే బతకాలని దాని కోరిక. చిక్కల్లా ఒకటే, కొత్తవాళ్లతో నోరు పెగలదు. తలుపు కొడితే వంటింట్లోకి, ఫోన్ మోగితే పెరట్లోకి పోతుంది. తెలియని నంబరు ఎత్తితే "హలో" అని ఫోన్ నా చేతిలో పెట్టేస్తుంది.

అది మామయ్యకు తెలియదా? తెలుసు. అయినా కార్డులు దిగాయి. ‘కుట్టుమిషన్ల నిపుణురాలు. ఏ కంపెనీ మిషనైనా సరే.’ కింద ఒక నంబరు.

"ఇది నా నంబరు కాదురా" అంది అక్క.

"తప్పు పడినట్టుంది. మళ్లీ వేయించనా?"

"వద్దు, చెప్పకు. ఎవరూ ఫోన్ చెయ్యరు. హాయి."

హాయి అంది గానీ మొహంలో హాయి లేదు. పదిహేను రోజులు చూశాను. పని కోసం ఎవరినీ అడగలేక, ఇంట్లో ఉన్న ఒక్క మిషన్‌నే రోజూ విప్పి బిగిస్తోంది. నాకు ఒళ్లు మండింది. తప్పు నంబరు అచ్చేసి అక్క నోటి దగ్గర కూడు తీశాడని పోట్లాడటానికి ప్రెస్సుకు వెళ్లాను.

నేను నోరు తెరిచేలోగా బల్ల మీద పాత ఫోన్ మోగింది. మామయ్య ఎత్తి, అవతలివాళ్లు ఎవర్ని అడుగుతున్నారో విని, గొంతు సవరించుకుని, ఎన్నడూ వినని గంభీరమైన గొంతుతో మొదలుపెట్టాడు.

"కుళాయిల వైద్యుల ఆఫీసండీ... వస్తారు, రేపు తొమ్మిదింటికి."

పెట్టాడో లేదో మళ్లీ మోగింది. ఈసారి గొంతు సన్నబడింది.

"కుట్టుమిషన్ల ఆఫీసండీ... మేడమ్ గారు వేరే పనిలో ఉన్నారు. నలభై మిషన్లా? ఉండండి, డైరీ చూస్తాను." పక్కనున్న పాత క్యాలెండరు పేజీలు రిసీవరు దగ్గర టపటపలాడించాడు.

నేను అక్క కార్డు తీసి, ఫోన్ మీద అంటించి ఉన్న నంబరుతో పోల్చి చూశాను. అందులో ఉన్నది ఈ ఫోన్ నంబరే. నంబర్లన్నీ నా ఫోన్లో పడి ఉంటాయి, నాకు ఒక్కటీ గుర్తుండదు. మేనమామ ప్రెస్సు నంబరు కూడా గుర్తుపట్టలేకపోయాను.

"ఎంతమందికి ఇలా ఫోనెత్తుతున్నావు మామయ్యా?"

"పదిహేడు మందికి. వాళ్ల కార్డులు పంచేదీ నేనే. పని వచ్చినవాళ్లకు మాట రాదురా. నా దగ్గర మాట ఊరికే పడి ఉంది. వాళ్లు నిలదొక్కుకున్నాక సొంత నంబరుతో మళ్లీ వేస్తాను."

పోట్లాడటానికి వచ్చినందుకు సిగ్గేసింది, దాని వెనకే నవ్వొచ్చింది. నవ్వుకు టైము లేదు. ఆ నలభై మిషన్ల ఆసామి ఆఫీసు చూస్తానని బయల్దేరాడట. దారిలో మామయ్య ఫోన్ నాటకమంతా చెబుతూ అక్కను బండి మీద లాక్కొచ్చాను. వెనకాలే మొరాయించిన మిషన్ ఒకటి మోయించుకుని ఆయన దిగాడు.

"మేడమ్ ఎవరండీ?"

అక్క మొహం పాలిపోయింది. మామయ్య అందుకున్నాడు. "వీరే. పనిలో ఉన్నప్పుడు మాట్లాడరు."

అక్క బతుకు జీవుడా అని మిషన్ ముందు కూర్చుంది. చక్రం తిప్పి చెవి పెట్టింది. ఏదో విప్పింది, ఏదో తుడిచింది. పావుగంటలో గుడ్డ ముక్క మీద కుట్టు గీత గీసినట్టు పరుగెత్తింది. ఆసామి ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, "ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారు. మిగతావి కూడా మీరే చూడాలండీ" అన్నాడు. అక్క తల ఊపింది. కళ్లు మాత్రం మెరిశాయి.

మామయ్య ఆయన్ని కారు దాకా సాగనంపడానికి వెళ్లాడు. అప్పుడే ఫోన్ మోగింది. నేను అక్క వైపు, అక్క నా వైపు చూశాం. అది నాలుగుసార్లు మోగింది. అక్క నూనె చేతిని కొంగుకు తుడుచుకుని, గొంతు సవరించుకుని, రిసీవరు ఎత్తింది.

"ఫోటోగ్రాఫరు గారి ఆఫీసాండీ? అవునండీ. సారు వేరే పనిలో ఉన్నారు. ఉండండి, డైరీ చూస్తాను."